బ్రెయినీకి 30, బిర్యానీకి 80

పాయింట్లున్న అక్షరాల పలకల్ని బోర్డు మీద పేర్చి మాటలు కట్టే ఆట స్క్రాబుల్. అందులో ఇంగ్లీష్ బాగా వచ్చినోళ్లే గెలుస్తారని చాలామంది ఫిక్సయిపోతారు, మా బాబాయ్ కూడా అదే బ్యాచ్. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, రోజూ పొద్దున్నే ఇంగ్లీష్ పేపర్ ఎడిటోరియల్‌తో సహా చదవందే టిఫిన్ ముట్టడు. అయినా మా అక్క కూతురి చేతిలో ఓడిపోతూనే ఉంటాడు, అది ఇంకా ఎనిమిదో క్లాసే.

మొన్న ఆదివారం మల్కాజిగిరిలో వాళ్లింట్లో ఆడుతుంటే మొదటి టర్న్ ఆయనదే. ఏ, బి, ఐ, ఐ, ఎన్, ఆర్, వై వచ్చాయి. రెండు ఐలు చూడగానే మొహం మాడిపోయింది, కాసేపు అటూ ఇటూ జరిపి ఒక ఐ పక్కన పడేసి ‘బ్రెయినీ’ అని పేర్చేశాడు. వై సరిగ్గా అక్షరం పాయింట్లు రెట్టింపు చేసే డబుల్ లెటర్ గడి మీద పడింది, నడిమధ్య గడి ఎలాగూ మాట మొత్తాన్ని రెట్టింపు చేసే డబుల్ వర్డ్ కాబట్టి 15 రెండ్లు 30. మీసం తిప్పేలోపే పక్క నుంచి మా పిల్ల, “తాతయ్యా, బిర్యానీ వదిలేశావేంటి?” అంది. ఆదివారం మధ్యాహ్నం, అదీ హైదరాబాద్‌లో!

బిర్యానీకి మామూలుగా 12 పాయింట్లే. కానీ ఏడు పలకలూ ఒకేసారి దింపితే 50 బోనస్. బి అక్షరాన్ని ఎడమవైపు డబుల్ లెటర్ మీద మొదలుపెడితే 15 కాస్తా 30, దానికి 50 కలిపితే 80. విచిత్రమేంటంటే చట్నీ స్పెల్లింగ్‌లోనూ ఏడక్షరాలే, హెచ్ గానీ వై గానీ ఆ గడి మీద పడేలా పెడితే 88 వస్తుంది. ఇక మన బండ్ల మీద ఇడ్లీని చివర వైతో రాస్తారు చూడండి, అది కూడా చెల్లుతుంది, కాకపోతే ఊరికే, పనీపాటా లేకుండా అనే అర్థంలో. ఐతో రాస్తే 5, వైతో రాస్తే 8.

అక్షరాలు విడదీసేటప్పుడు మా పిల్ల మాట కోసం వెతకదు, ముందు తోకలు చూస్తుంది. ఐఎన్‌జీ, ఈడీ, ఈఆర్ లాంటివి ఉంటే పక్కకి లాగేసి మిగతావాటితో ఆడుకుంటుంది, ఏమీ తట్టకపోతే పలకల్ని గుండ్రంగా పేరుస్తుంది, అలా చేస్తే మన కళ్లు ఎడమ నుంచి చదివే అలవాటు మానుకుంటాయి. రిటైన్స్‌లో ఉన్న అక్షరాలే నాస్టియర్, రెటినాస్, స్టెయినర్ అన్నిట్లోనూ ఉన్నాయి, అందుకే ఆడేవాళ్లు ఇలాంటి అక్షరాల్ని దాచుకుంటారు.

ఈ పాయింట్లు కూడా ఊరికే పెట్టినవి కావు. 1930ల్లో ఉద్యోగం పోయిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్ న్యూయార్క్ టైమ్స్ పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో కూర్చుని లెక్కపెట్టాడు. 100 పలకల్లో ‘ఈ’ (E) అక్షరానివి 12 ఉన్నాయి, ఒక్కోదానికి 1 పాయింటే. క్యూ, జెడ్ చెరొకటే, 10 చొప్పున. ఎస్ మాత్రం కావాలనే నాలుగే పెట్టాడు, లేకపోతే అందరూ ప్రతి మాటకీ ఎస్ తగిలించి బతికేసేవాళ్లు.

అసలు గొడవంతా రెండక్షరాల మాటల దగ్గరే. క్యూ, ఐ రెండే పెట్టి, క్యూ అక్షరం పాయింట్లు మూడింతలు చేసే ట్రిపుల్ లెటర్ మీద పడి, అడ్డంగా నిలువుగా రెండువైపులా అదే మాట అయితే 31, 31 మొత్తం 62. రంగు గళ్లేవీ తగలకుండా పెట్టిన బిర్యానీకి బోనస్‌తో కలిపి వచ్చేదీ అంతే. బాబాయ్‌కి ఇది అస్సలు మింగుడుపడదు, “అర్థం చెప్పు ముందు, ఇదేమైనా మాటేనా” అంటాడు. చైనావాళ్లు ప్రాణశక్తిని అలా అంటారని పిల్ల చెప్పింది, అది ఇంగ్లీష్ ఎలా అవుద్దని మళ్లీ మొదలు. బిర్యానీ ఎలా అయిందో అలాగే బాబాయ్! న్యూజిలాండ్ వాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ కొట్టాడు, మాటల లిస్ట్ మొత్తం బుర్రలోకి ఎక్కించుకుని. ఇది చెప్తే ఆయన నమ్మలేదు, ఫోన్ తీసి తనే వెతుక్కుని చూసి, ఆ ఆట లెక్కలోకి రాదు, మళ్లీ పలకలు కలపండి అన్నాడు.