బరంపురంలో కూర్చుని అమెరికా కౌంటీ కోర్టు నుంచి డైవర్స్ కాగితాలు తెప్పించుకోవడం

అమెరికాలో డైవర్స్ అయిన అమ్మాయికి గానీ అబ్బాయికి గానీ మన వైపు మళ్ళీ సంబంధం కుదిరితే, అవతలి పెద్దలు జాతకం కంటే ముందు అడిగేది కాగితం. మా దొడ్డమ్మ కూతురు, నాకు అప్ప వరస, తనకి పర్లాకిమిడి నుంచి సంబంధం వచ్చినప్పుడు కూడా అంతే. అబ్బాయి తరపు వాళ్ళు మంచోళ్ళే, "మాకేటి అనుమానం లేదమ్మా, రేపు రిజిస్ట్రేషన్ దగ్గర అడుగుతారు కదా అని" అన్నారు, నిజమే, అడుగుతారు. అప్ప ఫోన్లో ఒక పీడీఎఫ్ ఉంది, అప్పటి లాయరు మెయిల్ చేసింది, జడ్జి సంతకం కూడా కనిపిస్తది, ఇంక చాలు అనుకున్నారు ఇంట్లో అందరూ. ఇక్కడ కోర్టు దగ్గర మాకు తెలిసిన లాయరు గారికి చూపిస్తే కళ్ళజోడు పైకి తోసి, "సీలు లేదు, ఎవరి దగ్గర రికార్డు ఉందో వాళ్ళ సంతకం లేదు, దీన్ని నేను ఎక్కడ పెట్టను" అన్నారు.

సరే, మరి ఎక్కడినుంచి తేవాలి? ఒకాయన ఎంబసీకి రాయండి అన్నాడు, ఇంకొకాయన వాషింగ్టన్ అన్నాడు, ఒక ఏజెంట్ అయితే మొత్తం మేమే చేసి పెడతాం అని చెప్పిన రేటు విని దొడ్డమ్మ మంచినీళ్ళు అడిగింది. ఇంట్లో ఇంగ్లీషు ఫారాలు నింపే పని ఎప్పుడూ నా నెత్తినే పడతది కాబట్టి ఇది కూడా నాకే వచ్చింది. తెలిసినవన్నీ ఇక్కడ రాసేస్తున్నా, మన గంజాం, గజపతి, రాయగడ వైపు ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు తక్కువేం లేవు.

మొదటి సంగతి ఏటంటే, అమెరికాలో విడాకులు రాష్ట్రాల వ్యవహారం, ఢిల్లీ లాంటి వాషింగ్టన్‌లో దాని రికార్డు ఉండదు. మన ఎంబసీ దగ్గర అసలే ఉండదు. ఫెడరల్ కోర్టుల కేసులు వెతికే పేసర్ అని ఒక సైట్ ఉంది, అందులో గంటలు గంటలు వెతికినా దొరకదు ఎందుకంటే డైవర్స్ కేసులు ఫెడరల్ కోర్టుకి పోవు. ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) కేసు వేసారో ఆ కౌంటీ కోర్టు క్లర్కు దగ్గరే ఫైలు ఉంటది, పెళ్ళి ఎక్కడ జరిగింది, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, ఇవేవీ లెక్కలోకి రావు. పెళ్ళి బరంపురంలో జరిగినా, సింహాచలంలో జరిగినా, ఫైలు మటుకు అక్కడే.

ఆ కౌంటీ ఏదో తెలుసుకోవడమే సగం పని. అప్ప వాళ్ళు టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండేవాళ్ళు, మనవాళ్ళు బోలెడంతమంది ఉండే ఊరు. ఆ ఫ్రిస్కో ఊరు రెండు కౌంటీల్లో ఉంది, కొంత కాలిన్, కొంత డెంటన్. అడ్రస్ చివర ఫ్రిస్కో అని ఉంటే ఏ కౌంటీయో తెలీదు. టెక్సాస్‌లో మొత్తం 254 కౌంటీలు, ఊరికే తలా ఒకటి రాసుకుంటూ పోలేం కదా. అక్కడ రూలు ప్రకారం కేసు వేసే ముందు ఇద్దరిలో ఒకరైనా రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండాలి, కాబట్టి కేసు వేసిన టైంకి ఎవరు ఏ ఇంట్లో ఉన్నారు అన్నది గుర్తు చేసుకుంటే కౌంటీ తేలిపోతది. అప్ప అప్పటికే వేరే అపార్ట్‌మెంట్‌కి మారిపోయింది, కేసు వేసింది అవతలి మనిషి, అంచేత ఆయన అడ్రస్ పట్టుకుని వెళ్తే దొరికింది.

కౌంటీ దొరికాక ఇంకో మెలిక. టెక్సాస్‌లో కౌంటీ క్లర్కు వేరు, డిస్ట్రిక్ట్ క్లర్కు వేరు. పెళ్ళి లైసెన్సులు ఇచ్చేది కౌంటీ క్లర్కు, డైవర్స్ ఫైళ్ళు ఉండేది డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. మనకి కలెక్టరేమో ఛత్రపురంలో, జిల్లా జడ్జేమో బరంపురంలో ఉన్నట్టు, ఒక పని కోసం ఇంకో గుమ్మం ఎక్కితే వాళ్ళు మర్యాదగానే పంపించేస్తారు గానీ వారం పోతది. అన్ని రాష్ట్రాల్లో ఒకే పేరు ఉండదు కూడా. కాలిఫోర్నియాలో ఆ కౌంటీ సుపీరియర్ కోర్టు, జార్జియాలో సుపీరియర్ కోర్టు క్లర్కు, ఇల్లినాయ్‌లో సర్క్యూట్ క్లర్కు. న్యూయార్క్‌లో కేసు నడిచేది సుప్రీం కోర్టులో (పేరు చూసి భయపడకండి, అక్కడ అది కింది కోర్టే), ఫైలు కౌంటీ క్లర్కు దగ్గర, పైగా అక్కడ డైవర్స్ ఫైలు కాన్ఫిడెన్షియల్, ఆ ఇద్దరికీ వాళ్ళ లాయర్లకీ తప్ప ఇవ్వరు.

టెక్సాస్‌లో అలా లేదు. చాలా కౌంటీలకి ఆన్‌లైన్ సెర్చ్ ఉంది, పేరు కొడితే కేసు వస్తది, కేసు నంబరు, ఎప్పుడు వేసారు, ఏ రోజు ఏ కాగితం పడింది అన్నీ వరసగా. అది చూసి మా దొడ్డమ్మ గుండె పట్టుకుంది, "అంటే ఎవరైనా చూడొచ్చా, పక్కింటోళ్ళు కూడా?" అని. చూడొచ్చు మరి. మన దగ్గర హిందూ వివాహ చట్టం కింద కేసులు మూసిన తలుపుల వెనకే నడుస్తాయి, పేపర్లో వేయకూడదు. అక్కడ కోర్టు రికార్డు అంటే జనానిది, సోషల్ సెక్యూరిటీ నంబరు లాంటివి తీసేస్తారంతే. నాకైతే మన పద్ధతే నయం అనిపించింది గానీ, ఆ రోజు మా పని జరిగింది వాళ్ళ పద్ధతి వల్లే, అదీ ఒప్పుకోవాలి.

పేరుతో వెతకడం అంటే మనవాళ్ళకి అంత సుళువు కాదు. ఒడిశాలో చదివిన తెలుగోళ్ళ పేర్లు మీకు తెలిసిందే, ఇంటిపేరు ఒక్క అక్షరం అయి ముందుంటది, చివర రావు అనో పాత్రో అనో ఆచారి అనో తగిలిస్తారు, స్కూల్లో ఒడియా మాస్టారు రాస్తే వెంకట కాస్తా బెంకట అయిపోతాడు. అమెరికా రికార్డులో ఉండేది పాస్‌పోర్టు స్పెల్లింగ్, అది కూడా సర్‌నేమ్ ముందు. అప్పకి పెళ్ళయ్యాక భర్త సర్‌నేమ్ వచ్చింది కాబట్టి పుట్టింటి పేరుతో ఏమీ రాలేదు. టెక్సాస్‌లో కేసు పేరు "ఫలానా, ఫలానా వాళ్ళ పెళ్ళి విషయంలో" అన్నట్టు ఇద్దరి పేర్లతో ఉంటది, అందుకని ఇద్దరి పేర్లూ విడివిడిగా కొట్టి చూడండి, ఎవరి పేరు తిన్నగా ఎక్కిందో దానికి దొరుకుతది.

ఇప్పుడు అసలైంది, ఏ కాగితం అడగాలి. డైవర్స్ సర్టిఫికెట్ అని ఒకటి ఉంటది కొన్ని రాష్ట్రాల్లో, హెల్త్ డిపార్ట్‌మెంట్ ఇస్తది, పేర్లు తేదీ చోటు తప్ప ఇంకేం ఉండదు. టెక్సాస్ రాష్ట్రం వాళ్ళు అదీ ఇవ్వరు, 1968 నుంచి జరిగిన వాటికి ఫలానా డైవర్స్ నమోదు అయింది అని ఒక వెరిఫికేషన్ లెటర్ మాత్రం ఇస్తారు. న్యూయార్క్‌లో 1963 నుంచి సర్టిఫికెట్ ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రం దగ్గరేమో 1962 నుంచి 1984 జూన్ దాకా వాటికే ఉంది, తర్వాతవి కోర్టునే అడగాలి. ఇవి చవక, తొందరగా వచ్చేస్తాయి, ఏజెంట్లు కొందరు ఇవే తెచ్చి చేతిలో పెట్టేస్తారు. మన దగ్గర ఇవి పనికిరావు. మనకి కావలసింది ఫైనల్ డిక్రీ, అంటే విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చిన చివరి ఉత్తర్వు, మొదటి పేజీ నుంచి సంతకం పేజీ దాకా పూర్తిగా, క్లర్కు సీలు వేసిన సర్టిఫైడ్ కాపీ.

డిక్రీ ఒక్కటి తెచ్చుకుంటే సరిపోదు అన్నది లాయరు గారు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నేను ఇదంతా రాయడానికి కారణం కూడా అదే. 1991లో సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది, వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి, మన తెలుగువాళ్ళ కేసే. 1975లో తిరుపతిలో పెళ్ళి. భర్త మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో డైవర్స్ తెచ్చుకున్నాడు, అక్కడ 90 రోజులు ఉన్నానని చూపించి. భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు. తర్వాత ఆయన ఇంకో పెళ్ళి చేసుకుంటే ఈవిడ ఇక్కడ రెండో పెళ్ళి కేసు పెట్టింది. సుప్రీం కోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదు అంది. హిందూ చట్టం కింద అయిన పెళ్ళికి విదేశీ డిక్రీ చెల్లాలంటే అవతలి మనిషి మనస్ఫూర్తిగా ఆ కోర్టుకి వచ్చి, మన చట్టంలో ఉన్న కారణం మీద వాదించి ఉండాలి, లేకపోతే విడాకులకి ఒప్పుకుని ఉండాలి, ఇలా కొన్ని దారులు చెప్పింది. అదే తీర్పులో కాపీ సంగతి కూడా ఉంది. క్లర్కు ఆఫీసు సర్టిఫై చేసిన ఫోటోస్టాట్ కాబట్టి అది ఫోటోస్టాట్ అన్న కారణంతో తోసెయ్యక్కర్లేదట, కానీ అమెరికాలో ఉన్న మన ప్రభుత్వ ప్రతినిధి దాన్ని సర్టిఫై చెయ్యలేదు కాబట్టి సాక్ష్యంగా చెల్లదు అన్నారు.

అంచేత మనలాంటి వాళ్ళు ఫైల్లోంచి ఇంకో కాగితం కూడా అడగాలి, అవతలి వాళ్ళు ఒప్పుకున్నారు అని చూపించేది. టెక్సాస్‌లో రెండో పక్షం వాళ్ళు నోటీసు అక్కర్లేదు అని సంతకం పెట్టి ఇచ్చే వేవర్ ఆఫ్ సర్వీస్ ఉంటది, లేకపోతే కేసుకి జవాబుగా వాళ్ళు కోర్టులో వేసిన ఆన్సర్ ఉంటది, డిక్రీ చివర ఇద్దరి సంతకాలతో ఒప్పుకున్నట్టు ఉంటే ఇంకా మంచిది. టెక్సాస్‌లో మామూలుగా రాసే కారణం ఇద్దరికీ పొసగడం లేదు అన్నదే, మన హిందూ వివాహ చట్టంలో అలా విడిగా కారణం లేదు, ఇద్దరూ కలిసి ఒప్పుకుంటే ఇచ్చే 13బి ఉంది. కాబట్టి ఒప్పుకోలు కాగితమే మనకి ప్రాణం. అప్ప ఫైల్లో అప్ప సంతకం పెట్టిన వేవర్ దొరికింది, డిక్రీ చివర ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, లాయరు గారి మొహంలో అప్పుడు నవ్వు కనిపించింది. ఏకపక్షంగా వచ్చిన డిక్రీ అయితే మాత్రం సంబంధాలు మాట్లాడక ముందే మంచి లాయరుని కలవండి, ఈ పోస్టు చదివి ఊరుకోకండి.

అడిగే ఉత్తరం చిన్నదే. ఇద్దరి పూర్తి పేర్లు, కాజ్ నంబరు (టెక్సాస్‌లో కేసు నంబరుని అలాగే అంటారు), డిక్రీ తేదీ, కావలసిన కాగితాలు పేర్లు పెట్టి, ఒక్కోటి ఎన్ని కాపీలు, "సర్టిఫైడ్, కాగితం మీద" అని స్పష్టంగా. ఈ కాగితం మీద అన్న మాట మర్చిపోవద్దు, ఇప్పుడు చాలాచోట్ల ఎలక్ట్రానిక్ సర్టిఫైడ్ కాపీ పంపించేస్తున్నారు, మనకి సీలున్న ఒరిజినల్ కావాలి తర్వాత పని కోసం. ఫీజు పేజీకింత, సర్టిఫికేషన్‌కి కొంత, డాలర్లలో చూసినా పెద్ద మొత్తం కాదు, పేజీలెన్నో ముందే అడిగి తెలుసుకోండి. పోస్టులో అడిగితే స్టాంపు అంటించిన కవరు కూడా పెట్టమంటారు, అమెరికా స్టాంపు బరంపురం హెడ్ పోస్టాఫీసులో ఎక్కడ దొరుకుతది, అందుకే అక్కడ ఉన్న చుట్టాల అడ్రస్ ఇచ్చేయడం మేలు. ఫోన్ చెయ్యాలంటే వాళ్ళ పొద్దున్న 8 అంటే వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఫోన్ ఎత్తినావిడ చాలా ఓపిగ్గా మాట్లాడింది, అప్ప పేరు అక్షరం అక్షరం చెప్పించుకుంది, ఇక్కడ నకలు సెక్షన్‌లో గుమస్తా లేకుండా మనల్ని అలా ఎవరైనా పలకరిస్తారా చెప్పండి.

సర్టిఫైడ్ కాపీ వచ్చాక అపొస్టిల్, అంటే కాగితం మీదున్న సంతకం, సీలు నిజమైనవే అని ఇంకో దేశంలో నమ్మడానికి వేసే సర్టిఫికెట్. మన దేశం దానికి సంబంధించిన హేగ్ ఒప్పందంలో 2005లో చేరింది, అమెరికా ఎప్పుడో ఉంది. కోర్టు ఏ రాష్ట్రందో ఆ రాష్ట్రం సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసే వేయాలి, టెక్సాస్‌కి ఆస్టిన్‌లో, డాక్యుమెంటుకి 15 డాలర్లు. కాలిఫోర్నియా కాగితం ఆస్టిన్‌కి పంపితే తిప్పి కొడతారు. అపొస్టిల్ ఉంటే సాధారణంగా మన విదేశాంగ శాఖ ముద్ర మళ్ళీ అక్కర్లేదు, కానీ ఇందాకటి తీర్పులో అడిగిన కాన్సులేట్ సర్టిఫికేషన్ కూడా చేయించాలా అన్నది మీ పని రిజిస్ట్రేషనా, కోర్టు కేసా అన్నదాన్ని బట్టి లాయరుని అడగండి. అప్పట్నుంచి సాక్ష్యం చట్టం కూడా మారింది, 2024 జూలై 1 నుంచి కొత్తది నడుస్తోంది.

ఇక్కడే, అంటే బరంపురం ఫ్యామిలీ కోర్టులోనో పర్లాకిమిడిలోనో అయిన డైవర్స్ అయితే ఇంత తతంగం లేదు, ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు గానీ కేసు నంబరు గానీ పట్టుకుని సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టుకోవడమే.

రెండేసి సెట్లు తెప్పించుకోండి, ఒకటి రిజిస్ట్రేషన్‌కి పోతది, పాస్‌పోర్టులో భర్త పేరు తీయించుకోవడానికి కూడా ఇంకోటి అడుగుతారు. అపొస్టిల్ కాగితం డిక్రీకి పిన్ను కొట్టి వస్తది, ఆ పిన్ను తీస్తే మళ్ళీ అది చెల్లదు. జిరాక్స్ షాపులో కుర్రాడు మనం వద్దు అనేలోపే పేజీలు తిన్నగా రావాలని పిన్ను పీకేసే రకం, ముందే చెప్పి ఇవ్వండి, లేకపోతే ఇంట్లోనే ఫోన్‌తో స్కాన్ చేసుకుని ఆ స్కాన్‌నే ప్రింటు తీయించుకోండి.