కొండ దారిలో రెండు డిఫరెన్షియళ్లు

కొండ మీది సరస్సుకు వెళ్లే దారిలో మొదట తారు రోడ్డు, ఆపైన కంకర బాట, తరువాత ఎండిన వాగు, వాగుకు అవతల బురద నేల ఉన్నాయి. మేము రెండు బండ్లలో బయలుదేరాము. రెండింటికీ ఇంజిన్ బలం వెనక చక్రాలకే అందుతుంది. ఆ బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్. నాది హెలికల్ (ఏటవాలు పళ్ల) గేర్ల లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఊరికే జారిపోకుండా కొంతవరకు అడ్డుకునే రకం) ఉన్న, నేలకు కాస్త ఎత్తుగా ఉండే స్టేషన్ వ్యాగన్. మిత్రుడిది మీట నొక్కితే రెండు చక్రాలనూ ఒకటిగా బిగించే లాక్ పడే డిఫరెన్షియల్ (లాకర్) ఉన్న పికప్. ఒకటి తక్కువ రకం, మరొకటి ఎక్కువ రకం అని చాలామంది వీటిని ఒకే వరుసలో నిలబెడతారు. ఆ దారి పొడవునా నాకు కనిపించింది మాత్రం వేరు: ఇవి రెండూ వేర్వేరు పనులకు పుట్టిన యంత్రాలు.

వానకు తడిసిన తారు రోడ్డు మీద హెయిర్‌పిన్ మలుపులు వరుసగా వచ్చాయి. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లయితే, 180 డిగ్రీల మలుపులో ఆ తేడా దాదాపు 4.7 మీటర్లు, మలుపు ఇరుకైనా విశాలమైనా ఆ లెక్క మారదు. లాక్ వేసిన ఇరుసులో రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగక తప్పదు కనుక ఆ తేడా అంతా టైర్లు రోడ్డును రాసుకుంటూ జారడంలోనే తీరాలి. బండి కూడా మలుపు తిరగనని మొండికేసి ముందుకే నెట్టుకుపోతుంది. అందుకే మిత్రుడు తారు మీద లాక్ జోలికి పోలేదు. లాక్ తీసి ఉన్నప్పుడు అది మామూలు డిఫరెన్షియలే, అంటే రెండు చక్రాలకూ సమానమైన టార్క్ (తిప్పే బలం) ఇచ్చేదే. మలుపు చివర బరువు తగ్గిన లోపలి చక్రం తడి రోడ్డు మీద గిర్రున తిరిగి, బయటి చక్రానికి అందాల్సిన బలానికీ గండి కొట్టింది. నా బండిలో అదే చోట, లోపలి చక్రం జారబోతుండగానే గేర్ల మధ్య రాపిడి పెరిగి బలం బయటి చక్రం వైపు మళ్లింది. నేను మీట ఏదీ నొక్కలేదు, వేగం తగ్గించలేదు. రోడ్డు మీద లిమిటెడ్ స్లిప్‌కు సాటి లేదని నేను గట్టిగా చెప్పగలిగేది ఈ కారణంగానే.

కంకర బాట మీద రెండు బండ్లూ ఇబ్బంది లేకుండా సాగాయి.

వాగులో కథ మారింది. పెద్ద బండరాళ్ల మధ్య ఏటవాలుగా దిగుతుండగా నా బండి ఎడమ వెనక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరగసాగింది. హెలికల్ గేర్ల డిఫరెన్షియల్ పట్టు తక్కువ ఉన్న చక్రం మోయగల టార్క్‌కు కొన్ని రెట్లు మాత్రమే రెండో చక్రానికి ఇవ్వగలదు. ఆ నిష్పత్తి 3 అనుకుంటే, గాలిలోని చక్రం మోసేది సున్నా కనుక మూడు రెట్ల సున్నా కూడా సున్నాయే. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌ను కొద్దిగా పైకి లాగి, యాక్సిలరేటర్‌ను మెల్లగా నొక్కాను. బ్రేకు ఒక్కో చక్రాన్ని 300 న్యూటన్ మీటర్ల టార్క్‌తో పట్టిందనుకుందాం: నేల మీది చక్రానికి 900 వస్తుంది, అందులో 300 అక్కడి బ్రేకే తింటుంది, మిగిలిన 600 బండిని లాగుతుంది. మామూలు డిఫరెన్షియల్ అయితే వచ్చిన 300నూ బ్రేకే మింగేసి చేతిలో ఏమీ మిగిలేది కాదు. బండి కదిలింది, చక్రం నేలకు దిగింది. ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ అయితే లోపలి స్ప్రింగుల ఒత్తిడి వల్ల చక్రం గాలిలో ఉన్నా కొంత బలం రెండో వైపుకు వెళుతుంది. అయితే ఆ ప్లేట్లు అరుగుతాయి, వాటికి తగిన నూనె పోయాలి.

మిత్రుడు వాగు అంచునే ఆగి మీట నొక్కాడు. డాష్‌బోర్డు మీద దీపం మిణుకుమిణుకుమంది తప్ప నిలవలేదు, ఎందుకంటే లోపల ఒక వైపు పళ్లు రెండో వైపు సందులకు ఎదురుగా వచ్చేదాకా లాక్ పడదు. స్టీరింగ్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ నడక వేగంతో కదిలేసరికి పళ్లు కూర్చున్నాయి, దీపం నిలకడగా వెలిగింది. ఆ తరువాత కుడి వెనక చక్రం నేలను వదిలినా దాని వేగం ఇసుమంతైనా పెరగలేదు. కింద ఉన్న చక్రం ఎంత నెమ్మదిగా తిరుగుతుందో అదీ అంతే నెమ్మదిగా తిరిగింది. ఇంజిన్ పంపిన బలమంతా నేల మీది చక్రానికే చేరింది. అంత బలాన్నీ అటువైపు సగం ఇరుసు ఒక్కటే మోయాలి కాబట్టి అతను యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కలేదు. హ్యాండ్‌బ్రేక్ అవసరమే రాలేదు. ఈ పనికి లాకరే సరైనదని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అవతలి బురద నేల లోయ వైపుకు వాలి ఉంది. అక్కడ లాక్ ఉండాలని ఎవరికైనా తోస్తుంది, కానీ మిత్రుడు ముందుగానే తీసేశాడు. మామూలు డిఫరెన్షియల్‌తో ఒక చక్రం జారినా, బలం లేకుండా దొర్లే రెండోది బండి తోకను పక్కకు పోనీయకుండా పట్టుకుంటుంది. లాక్ వేసి రెండు చక్రాలూ కలిసి జారితే పక్క పట్టు పూర్తిగా పోయి తోక లోయ వైపుకు జారుతుంది. మీట ఆపేసినా పళ్ల మీద ఒత్తిడి ఉన్నంతసేపు దీపం ఆరలేదు. యాక్సిలరేటర్ వదిలి కొద్దిగా వెనక్కి దొర్లనిచ్చాకే లాక్ విడిపోయింది. నా డిఫరెన్షియల్‌ను తీసేసే వీలు లేదు కనుక, రెండు చక్రాలూ కలిసి జారే స్థితి రానీయకుండా రెండో గేరులో, ఇంజిన్ వేగం ఎక్కడా పెంచకుండా ఆ వాలును దాటాను.