పాత ఎక్స్‌టీ నుంచి తెలుగు లెక్కలు గుంజేటప్పుడు ఎనిమిదో బిట్ జాగ్రత్త

మిర్యాలగూడ దిక్కు ఏ రైసుమిల్లు ఆఫీసు అటక మీదనైనా పాత పీసీ ఎక్స్‌టీ (1980ల నాటి ఐబీఎం కంప్యూటర్) ఉండి, అందులో రైతుల పేర్లు, ఊర్లు జిస్ట్ కార్డుతో (డాస్‌లో మన లిపులు చూపే కార్డు) తెలుగులో ఎక్కించిన డీబేస్ (పాత డేటాబేస్ ప్రోగ్రాం) ఫైళ్లు ఉంటే, ఫ్లాపీలను నమ్ముకోకండి. సీరియల్ పోర్టు నుంచి లాప్‌టాప్‌కు గుంజుకోండి. కరెంటు పెట్టే ముందే డబ్బా విప్పి, తవుడు దుమ్మంతా బ్లోయర్‌తో కొట్టేయాలి.

ఎక్కువమంది తప్పేది కేబుల్ దగ్గరే. ఎక్స్‌టీ వెనక 25 పిన్నులు బయటికి పొడుచుకొచ్చినది సీరియల్, 25 రంధ్రాలున్నది ప్రింటర్‌ది. లాప్‌టాప్ దిక్కు యూఎస్‌బీ కన్వర్టర్‌కు 9 పిన్నులుంటాయి. 25 పిన్నుల దాంట్లో 2వ పిన్నును 9 పిన్నుల దాంట్లో 2కు, 3ను 3కు, 7ను 5కు సాల్డర్ చేయాలి. చూస్తే క్రాస్ చేయనట్టే ఉంటుంది కానీ అదే సరైనది. 25 పిన్నుల దాంట్లో పంపే వైరు 2, 9 పిన్నుల దాంట్లో అందుకునే వైరు 2. నల్ మోడెం (రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే కేబుల్) అనగానే 2-3 అని తిప్పేస్తే ఒక్క అక్షరం రాదు. ఇంకా 25 వైపు 4-5 కలపండి, 6-8-20 కలపండి. 9 వైపు 7-8, 1-4-6 కలపండి.

పోర్టు బతికే ఉందా అన్నది ముందే తేల్చుకోవచ్చు. ఎక్స్‌టీలో కెర్మిట్ (సీరియల్ కేబుల్ మీద ఫైళ్లు పంపే ప్రోగ్రాం) తెరిచి కనెక్ట్ కొట్టి, పోర్టులో 2, 3 పిన్నులను చిన్న వైరు ముక్కతో కలపండి. టైపు చేసిన అక్షరం తెర మీద తిరిగొస్తే పోర్టు బాగున్నట్టే.

రెండు మెషీన్లూ ఆపి ఉన్నప్పుడే కేబుల్ పెట్టాలి, రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి. ఎర్తింగ్ లేని ప్లగ్గులో పెడితే డబ్బా మీద లీకేజీ ఓల్టేజీ నిలుస్తుంది. అప్పుడు కేబుల్ తగిలిస్తే పోర్టు దగ్గరి 1488, 1489 చిప్పులు పోతాయి.

ఎక్స్‌టీ కెర్మిట్‌లో వరసగా: సెట్ పోర్ట్ 1, సెట్ స్పీడ్ 9600, సెట్ ప్యారిటీ నన్, సెట్ ఫ్లో నన్, సెట్ ఫైల్ టైప్ బైనరీ. లాప్‌టాప్ కెర్మిట్‌లో ముందు సెట్ క్యారియర్-వాచ్ ఆఫ్, తర్వాత సెట్ లైన్, స్పీడు, బైనరీ, ఆపైన రిసీవ్. అప్పుడు ఎక్స్‌టీలో సెండ్ *.డీబీఎఫ్. మెమో ఫీల్డులుంటే (పొడుగు రాతల గడులు) అవి ఉండే డీబీటీ ఫైళ్లు కూడా పంపడం మరవొద్దు.

9600 దగ్గర సెకనుకు 960 బైట్లకు మించి పోవు. 360 కేబీకి ఆరున్నర నిమిషాలు, 20 ఎంబీ డిస్కు మొత్తానికి ఆరు గంటలు. కెర్మిట్ ప్యాకెట్ల జవాబులతో ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే డేటా ఫైళ్లు మాత్రమే పంపండి. స్పీడు పెంచి చూడాలనిపిస్తుంది. కానీ సీరియల్ పోర్టును నడిపే పాత 8250 చిప్పు ఒక్క బైటే పట్టుకుంటుంది కాబట్టి ఎక్స్‌టీ ఆ జవాబులు అందుకునేటప్పుడు 19200 దగ్గర బైట్లు జారిపోతాయి.

ఇక అసలు సంగతి. జిస్ట్ కార్డు తెలుగును ఇస్కీ (భారతీయ లిపుల అక్షరాలకు అంకెలిచ్చే పాత ప్రమాణం) కోడ్‌లో దాస్తుంది. అందులో తెలుగు అక్షరాలన్నీ 127 పైనే ఉంటాయి: న 198, ల 209. డాస్‌లో మోడ్ కామ్1:9600 అని అంతటితో వదిలేస్తే ఈవెన్ ప్యారిటీ (తప్పు పట్టే అదనపు బిట్), అక్షరానికి 7 బిట్లే పడతాయి. కెర్మిట్ లేకుండా కాపీ కమాండ్‌తో పోర్టుకు పంపితే ఎనిమిదో బిట్ పోయి 198 కాస్తా 70, 209 కాస్తా 81 అవుతాయి. నల్లగొండ ‘ఎఫ్’, ‘క్యూ’లతో మొదలవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ మాత్రం చెక్కుచెదరవు, కాబట్టి నష్టం వెంటనే కనబడదు. ఒకసారి అట్లా పోయిన బిట్‌ను ఆ ఫైలు నుంచి తిరిగి తేలేం.

కార్డు పాడైన మెషీన్‌లో పేర్ల చోట గీతలు, మూలలు కనబడితే భయపడకండి, బైట్లు సరిగానే ఉన్నట్టు. లాప్‌టాప్‌లో యూకాన్వ్‌తో (కోడ్‌లు మార్చే ప్రోగ్రాం) యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఇస్కీ వెర్షన్ 6 అని ఇవ్వాలి, అది తెలుగుది. 0 ఇస్తే అవే పేర్లు నాగరి లిపిలో వస్తాయి. మొదట ఒక్క ఫైలు పంపి, ఎక్స్‌టీలో డిర్ చూపిన బైట్ల లెక్కతో సరిచూసి, ఊరి పేరు తెలుగులో చదవగలిగాకే మిగతావి పంపండి.