తలుపు పక్క కుర్చీ

బుధవారం. తాగుడు మానేసి ఇవాళ్టికి 97 రోజులు.

ఆఫీసు నుంచి బయటపడేసరికి ఆరు దాటింది. నాకు ఇప్పటికీ కష్టమైన వేళ ఇదే. పని ముగిసి, ఇల్లు ఇంకా చేరని ఆ గంటలో కాళ్లు పాత దారి పట్టబోతాయి. అందుకే బుధవారం మీటింగు వదులుకోను. ఏడింటికి మొదలవుతుంది. ఈ మధ్య ఆరున్నరకే వెళ్లి కుర్చీలు వేస్తున్నాను. నన్నెవరూ అడగలేదు, ఆ సమయంలో చేతులకు పని ఉంటే నాకు మంచిది.

ఇది నేను చూసిన మూడో గ్రూపు. మొదట, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) వెబ్‌సైటులో వెతికినప్పుడు కొన్ని మీటింగుల పక్కన ‘ఓపెన్’ అని, కొన్నిటి పక్కన ‘క్లోజ్డ్’ అని కనిపించింది. క్లోజ్డ్ అంటే కొత్తవాళ్లను రానివ్వరేమో అనుకుని, ఇంటికి దగ్గరలో ఉన్నదాన్నే వదిలేశాను. అసలు అర్థం వేరు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉండి, మానుకోవాలనుకునేవారి కోసం. ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్లు, స్నేహితులు, తెలుసుకోవాలనుకునే మరెవరైనా రావచ్చు. ఈ సంగతి తెలియక రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఆ రెండు వారాలూ తాగాను.

తర్వాత వెళ్లిన ఒక గ్రూపులో జనం ఎక్కువ. వెనక వరుసలో కూర్చుని, ముగియగానే ఎవరి కంటా పడకుండా వచ్చేశాను. ఇంకొకచోట మాటలేవీ నాకు తగల్లేదు. ఇక్కడ మాత్రం ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, చీటీ మీద తన ఫోను నంబరు రాసిచ్చి, “తాగాక కాదు, తాగాలనిపించినప్పుడు చేయండి” అన్నారు. ఇప్పుడు ఆయనే నా స్పాన్సర్, అంటే మానే దారిలో నాకు తోడుండే పాత సభ్యుడు.

ఇవాళ కుర్చీలు వేస్తుంటే గుమ్మం దగ్గర ఒకాయన నిలబడి ఉన్నారు. ముప్పై ఐదేళ్లుంటాయేమో.

“పేరు నమోదు చేసుకోవాలా?”

“అక్కర్లేదండీ.”

“ఫీజు?”

“లేదు. చివర్లో చందా సంచి తిరుగుతుంది, మీరు వేయనక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు.”

“కాసేపే ఉంటాను.”

సరేనని, ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్లడానికి వీలుగా తలుపు పక్క కుర్చీ చూపించాను.

‘కాసేపే’ అన్న మాట వింటే నాకు 1935 గుర్తొస్తుంది. తర్వాత ఏఏను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన బిల్ విల్సన్ వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్ వెళ్లారు. ఆ పని చెడింది. అప్పటికి మానేసి కొన్ని నెలలే. హోటల్లో ఒకవైపు బారు, మరోవైపు టెలిఫోను. ఆయన ఫోను వైపు నడిచి, తనలాంటి తాగుబోతు ఎవరైనా మాట్లాడటానికి దొరుకుతారా అని వాకబు చేశారు. అలా దొరికిన సర్జన్ బాబ్ స్మిత్, పావుగంటకు మించి కూర్చోనని ముందే చెప్పి వచ్చారట. కొన్ని గంటలు కూర్చుండిపోయారు. ఆ ఏడాది జూన్ 10న బాబ్ ఆఖరిసారి తాగారు. ఏఏ పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ తేదీనే. బిల్ ఆ ఫోను చేసింది ఎదుటివారిని బాగుచేయడానికి కాదు, ఆ సాయంత్రం తాను తాగకుండా ఉండటానికి. నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చేది ఈ భాగమే.

మీటింగులో ఎవరేం చెప్పారో రాయను, అది ఆ గది దాటకూడదు. కొత్తాయన మాత్రం లేచి వెళ్లలేదు. అయితే ఆయన చేతులు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట. నాకు భయం వేసింది. ముగిశాక పక్కకు పిలిచి అడిగాను. చాలా ఏళ్లుగా పొద్దున్నుంచే తాగుతున్నారట. నిన్న ఉదయం ఒక్కసారిగా ఆపేశారట.

ఇది పట్టుదలతో గెలిచే విషయం కాదు. ఏళ్ల తరబడి బాగా తాగినవారు ఉన్నపళంగా ఆపేస్తే మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత మతి తప్పి, లేనివి కనిపించే స్థితి వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. నేను మానేసినప్పుడు మొదటి వారం డాక్టరు పర్యవేక్షణలో మందులు వాడాను. అదే చెప్పాను.

“ఇక్కడికి వస్తే చాలనుకున్నానండీ” అన్నారాయన.

“మేం డాక్టర్లం కాదు. ముందు ఆస్పత్రి, తర్వాత ఇక్కడికి. ఇవాళే వెళ్లాలి” అన్నారు నా స్పాన్సర్. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

కొత్తాయన చేత వాళ్ల అన్నగారికి ఫోను చేయించాం. వచ్చేదాకా ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. వచ్చినాయన ముఖంలో ఎన్నో రాత్రుల అలసట కనిపించింది. ఇంట్లోవాళ్ల కోసం ఆల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయని స్పాన్సర్ చెబితే, ఆ పేరు రెండుసార్లు అడిగి ఫోనులో రాసుకున్నారు. నా నంబరు కూడా ఇచ్చాను. నేను ఒకరికి నంబరు ఇవ్వడం ఇదే మొదటిసారి.

పదిన్నరకు ఫోను మోగింది. అన్నగారే. ఆస్పత్రిలో చేర్చుకున్నారట, మందులు మొదలుపెట్టారట.

“బుధవారం ఆ తలుపు పక్క కుర్చీ ఉంటుందా అని మిమ్మల్ని అడగమంటున్నాడండీ.”

ఉంటుందని చెప్పాను.