వైర్లకు కాదు, గదికి పెట్టండి

ఖరీదైన ఆడియో పరికరాలకు పెట్టే డబ్బు దండగేనా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే. ఆ డబ్బు దేనికి పెడుతున్నారు? స్పీకర్లకా, యాంప్లిఫైయర్‌కా, వైర్లకా, గదికా? వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ‘హై ఎండ్’ అనడం వల్లే సగం వాదనలు తెగవు. స్పీకర్లకు పెట్టిన డబ్బు ఒక హద్దు దాకా చెవికి తెలుస్తుంది. గదికి పెట్టింది అంతకంటే బాగా తెలుస్తుంది. వైర్లకు పెట్టింది తెలియదు.

ఒక మిత్రుడు మనిషెత్తు స్పీకర్లు కొన్నాడు. చాలా మంచివి, అందులో సందేహం లేదు. డబుల్ బేస్ (వయొలిన్ కుటుంబంలోని నిలువెత్తు వాద్యం) రికార్డింగ్ ఒకటి పెట్టాడు. అట్టడుగు తీగ మీద ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గదంతా గుయ్‌మంటోంది, దాని పై స్వరాలేమో పీలగా ఉన్నాయి. యాంప్లిఫైయర్ మార్చాలా అని అడిగాడు. నేను టేపు తీసి గది పొడవు కొలిచాను. 4 మీటర్లు. గాలిలో శబ్దవేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరం 4 మీటర్లయితే, పోయొచ్చే 8 మీటర్లతో ఆ వేగాన్ని భాగిస్తే వచ్చే 43 హెర్ట్జ్ (సెకనుకు 43 కంపనాలు) దగ్గర శబ్దం రెండు గోడల మధ్య చిక్కుకుని ఉబ్బుతుంది. డబుల్ బేస్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్‌లో పలుకుతుంది. దాని పక్కనున్న స్వరం సుమారు 43.7. మోగిపోతున్నది సరిగ్గా ఆ స్వరమే. అంటే అక్కడ పాడుతున్నది స్పీకర్ ఒక్కటే కాదు, గది కూడా. ఏ యాంప్లిఫైయర్ తెచ్చినా ఆ రెండు గోడలూ అక్కడే ఉంటాయి కదా.

స్పీకర్లను మూలల్లోంచి ముందుకు లాగాం. వెనక గోడకు ఆనించి ఉన్న సోఫాను కూడా ముందుకు జరిపాం, ఎందుకంటే ఆ ఉబ్బు గోడల దగ్గరే ఎక్కువ. పైసా ఖర్చు లేకుండా ఆ స్వరం మిగతావాటితో కలిసిపోయింది. తివాచీ వేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. తివాచీ, కర్టెన్లు పై శ్రుతుల ప్రతిధ్వనిని బాగానే పీలుస్తాయి. 43 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్లు, పల్చటి గుడ్డ దాన్ని ఏమీ చేయలేదు. దానికి అడుగు మందం ఉన్న ప్యానెళ్లో, అడుగు శ్రుతులను పీల్చే బేస్ ట్రాప్‌లో కావాలి. డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1895లో హార్వర్డ్‌లో ఒక కొత్త లెక్చర్ హాల్లో ఉపన్యాసం ఎవరికీ అర్థం కాకపోతే, వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు ఇంకో థియేటర్ నుంచి కుర్చీల కుషన్లు తెప్పించి, రాత్రిళ్లు వాటిని పరుస్తూ తీస్తూ ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తోందో కొలిచాడు. గది ఘనపరిమాణానికీ, అందులోని మెత్తటి వస్తువులకూ, ప్రతిధ్వనికీ ఉన్న లెక్క అలా తేలింది. నూట ముప్పై ఏళ్లు కావస్తోంది, ఇప్పటికీ మనం అన్నీ కొన్నాక చివర్లో గది వైపు చూస్తున్నాం.

ఇక ఎలక్ట్రానిక్స్. 1982లో వచ్చిన సీడీ శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు, ఒక్కోసారి 16 బిట్లతో కొలిచి దాచుకుంటుంది. అది 20 కిలోహెర్ట్జ్ దాటి పట్టగలదు, వయసు పైబడ్డ చెవికి అంత దాకా వినపడనే వినపడదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. సీడీ కంటే ఎక్కువ వివరం పట్టే హై రిజల్యూషన్ డిస్కులను నేరుగా ఒకసారి, అదే శబ్దాన్ని సీడీ నాణ్యతకు దించి ఒకసారి వినిపించారు. ఏది ఏదో చెప్పమంటే సరైన జవాబులు దాదాపు సగమే వచ్చాయి. ఊరికే ఊహించి చెప్పినా అన్నే వస్తాయి. 

వైర్ల సంగతి మా ఇంట్లోనే చూశాను. మా చెల్లెలు తెర వెనక వైర్లు మారుస్తుంటే నేను ఇటు కూర్చుని విన్నాను. ముందుగా వోల్ట్‌మీటర్‌తో రెండింటి శబ్ద మట్టం సమానం చేసుకున్నాం, ఇది మాత్రం తప్పనిసరి. అర డెసిబెల్ (శబ్దం మట్టాన్ని కొలిచే ప్రమాణం) తేడా ఉన్నా చెవి దాన్ని ‘బిగ్గరగా ఉంది’ అనుకోదు, ‘స్పష్టంగా ఉంది’ అనుకుంటుంది. మట్టం కలిశాక నాకు ఏ తేడా దొరకలేదు. స్పీకర్ వైరు దూరానికి తగ్గ మందం ఉంటే చాలు.

యాంప్లిఫైయర్ విషయంలో కొంచెం ఆగి చెప్పాలి. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెండింతలు అనిపించాలంటే పది రెట్ల శక్తి కావాలి. అందుకని తక్కువ సెన్సిటివిటీ ఉన్న (ఇచ్చిన శక్తికి తక్కువ శబ్దం చేసే) స్పీకర్లకు, ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) బాగా కిందికి దిగే స్పీకర్లకు గట్టి యాంప్లిఫైయర్ నిజంగానే అవసరం. ఆ అవసరం తీరాక పైన పెట్టేదంతా పెట్టె అందానికే. అందమైన పెట్టె కొనుక్కోవడం తప్పేం కాదు, నాకూ ఇష్టమే. దాన్ని శబ్దం పేరుతో అమ్మడమే నాకు నచ్చదు.

స్పీకర్లలో తేడాలు మాత్రం నిజం, పెద్దవి కూడా. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఆడియో పరిశోధకులు అవే స్పీకర్లను కనిపించేలా పెట్టి, తర్వాత తెర వెనక పెట్టి మార్కులు వేయించారు. చూస్తూ విన్నప్పుడు మార్కుల్లో అంతరం ఎక్కువ, తెర పడ్డాక తగ్గింది. వాళ్లిద్దరి ఏళ్ల పరిశోధనలో తేలిందేంటంటే, చూడకుండా విన్నప్పుడు ఎక్కువమంది ఒకే రకం స్పీకర్లను ఇష్టపడతారు. ఎదురుగా వచ్చే శబ్దం హెచ్చుతగ్గులు లేకుండా ఉండాలి, పక్కలకు వెళ్లేది కుదుపులు లేకుండా మెల్లగా తగ్గాలి. పక్కలకు వెళ్లిందే గోడలను తాకి మళ్లీ మన దగ్గరికి వస్తుంది మరి.

కాబట్టి స్పీకర్ కొనేముందు ఆ రెండు గ్రాఫులూ అడగండి, ఎదురుగా కొలిచినదీ పక్కల నుంచి కొలిచినదీ. షోరూమ్‌లో విన్నది ఆ షోరూమ్ గదిలో శబ్దం, మీ గదిలోది కాదు. వీలుంటే ఇంటికి తెచ్చుకుని, మీకు బాగా అలవాటైన రికార్డింగ్‌తో, మీరు కూర్చునే చోటే కూర్చుని వినండి. తిరిగి ఇచ్చే వెసులుబాటు ఉన్నచోటే కొనండి.