రెండు అడాప్టర్లు, ఒకే మ్యాక్ అడ్రస్

పర్లాకిమిడిలోని మా ఇంటి గోడలు పాతకాలపువి, బాగా మందం. వెనుక గదులకు వైఫై అందదు. మా రెండు ల్యాప్‌టాప్‌లకూ నెట్ కేబుల్ తగిలించే ల్యాన్ పోర్టు లేదు కనుక, సరిహద్దు దాటి పాతపట్నంలో చవకగా రెండు యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్లు కొన్నాను. ఏ ఒక్కటి పనిచేస్తున్నా ఇంటర్నెట్ చక్కగా వచ్చేది. రెండూ పెడితే రెండూ తడబడేవి. నేను రెండు రోజులు కేబుళ్లు మారుస్తూ గడిపాను. "బాబాయ్, నువ్వు కంప్యూటర్ వేసినప్పుడల్లా నా క్లాసు ఆగిపోతోంది" అని మా అన్నగారి అమ్మాయి మొదటి రోజే చెప్పింది. అసలు ఆచూకీ ఆ మాటలోనే ఉంది.

రౌటర్ పేజీలో రెండు పరికరాలకు బదులు ఒక్కటే కనిపించింది. నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబరే మ్యాక్ అడ్రస్; 0-9, ఎ-ఎఫ్‌లతో రాసే పన్నెండు అంకెలు. దాన్ని చూపే గెట్‌మ్యాక్ కమాండ్‌ను రెండింటిలోనూ ఇచ్చి చూస్తే పన్నెండు అంకెలూ ఒకటే. మ్యాక్ అడ్రస్‌లోని 48 బిట్లలో మొదటి 24 తయారీదారుకు ఐఈఈఈ అనే ప్రమాణాల సంస్థ కేటాయించే సంకేతం. మిగిలిన 24 ప్రతి పరికరానికీ వేరుగా ఉండేలా తయారీదారే చూసుకోవాలి. ఇక్కడ ఆ శ్రద్ధ లోపించింది. ఏ అడ్రస్ ఏ పోర్టులో ఉందో రౌటర్‌లోని స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, చివరగా మాట్లాడిన యంత్రానికే జవాబులన్నీ వెళ్లిపోయేవి. పైగా పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే రౌటర్‌లోని డీహెచ్‌సీపీ రెండింటికీ ఒకే ఐపీ ఇచ్చింది. వేరే మ్యాక్ అదే ఐపీని వాడినప్పుడే విండోస్ హెచ్చరిస్తుంది కనుక ఆ హెచ్చరికా రాలేదు.

మార్చుకుందామని వెళితే, దుకాణంలో అదే పెట్టెలోంచి తీసిన మూడో అడాప్టర్ కూడా అదే నంబరు చూపింది!

ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్ దారి. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్‌లోని నెట్‌వర్క్ అడ్రస్ వద్ద కొత్త విలువ ఇవ్వాలి. నేను తొందరపడి మొదటి జత 00ను 01గా మార్చాను. ఆ జతలోని చివరి బిట్ 1 అయితే అది గుంపుకు ఉద్దేశించిన మల్టీకాస్ట్ అడ్రస్ అవుతుంది, ఏ కార్డుకూ సొంతం కాజాలదు. నెట్ రానే లేదు. మనం స్వయంగా పెట్టుకునే అడ్రస్‌లో రెండో అంకె 2, 6, ఎ, ఇ లలో ఒకటి కావాలి. 02తో మొదలుపెట్టి, అడాప్టర్‌ను తీసి మళ్లీ పెట్టగానే రౌటర్ పేజీలో రెండో పేరు కనిపించింది.

ఈ మార్పు ఉండేది విండోస్ రిజిస్ట్రీలోనే, అడాప్టర్‌లో కాదు. వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే పాత నంబరే బయటపడుతుంది. అందుకే దానికి కాగితం అంటించి, ఏ ల్యాప్‌టాప్‌దో రాసిపెట్టాను.