చిన్న గడ్డ, దాన్ని పట్టిచ్చిన గామా ప్రోబ్: నా అనుభవం

నిన్ననే డిశ్చార్జ్ అయ్యాను. కుడి ఊపిరితిత్తిలో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్ (చిన్న గడ్డ) ఉందని సీటీలో తేలింది. రక్తపరీక్షలు, శ్వాస పరీక్ష, సంతకాలు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి.

సర్జన్ గారు ఓపిగ్గా చెప్పారు. చిన్న కోతల గుండా కెమెరా పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్‌లో గాలి తీసేసరికి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. లోపలున్న చిన్న గడ్డ కెమెరాకు కనిపించదు, వేలితో తడిమి చూసే వీలూ తక్కువే. అందుకని ముందే సీటీలో చూస్తూ, టెక్నీషియం-99ఎం (గామా కిరణాలు వెలువరించే రేడియోధార్మిక పదార్థం) కలిపిన అల్బుమిన్ అనే ప్రొటీన్ కణాలను సూదితో గడ్డ పక్కన వేస్తారు. థియేటర్‌లో సన్నటి ప్రోబ్‌ను చిన్న కోత గుండా లోపలికి పంపుతారు. దాని కొసన గామా కిరణాలను పసిగట్టే బుల్లి స్ఫటికం, పక్కల నుంచి వచ్చేవాటిని ఆపే లోహపు కవచం ఉంటాయట. గడ్డ దగ్గరయ్యేకొద్దీ బీప్‌లు పెరుగుతాయి.

సూది వేసేటప్పుడు ఊపిరి ప్రతిసారీ ఒకేలా బిగపట్టాలి. నేను కదలకుండా పట్టానని రేడియాలజిస్టే మెచ్చుకున్నారు.

ఆ తర్వాతే నరకం. వీల్‌చైర్‌లో కారిడార్ చివర వదిలేసి, "రేడియేషన్ పేషెంట్, దగ్గరికి రాకండి!" అని అటెండర్ అందరికీ వినబడేలా అరిచాడు. పక్క కుర్చీలవాళ్లు లేచి వెళ్లిపోయారు. దుప్పటి కప్పబోయిన మా అమ్మాయిని కూడా ఆపేశాడు. తల దించుకుని కూర్చున్నాను. ఆపైన థియేటర్ ఆలస్యం. టెక్నీషియం శక్తి 6 గంటలకు సగమవుతుందని విన్నాను కాబట్టి ఒకటే టెన్షన్. కౌంటర్‌లో అడిగితే తల ఎత్తకుండానే "పిలుస్తారు" అన్నారు.

చివరికి న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్ వచ్చి, తనే దుప్పటి కప్పి, "బోన్ స్కాన్‌కు ఇచ్చేదాంట్లో ఇది చాలా చిన్న వంతండీ, ఎవరూ భయపడక్కర్లేదు. ఆలస్యమైనా ప్రోబ్ పట్టేస్తుంది" అన్నాడు. ఈ రెండు మాటలు అటెండర్‌కు ముందే నేర్పితే ఆసుపత్రి సొమ్మేం పోయింది? యంత్రానికి అంత ఖర్చు పెట్టి, మనిషికి మర్యాద నేర్పకపోవడం తప్పు కాదా?

ఆపరేషన్‌లో బీప్‌లు పెరిగిన చోటే కోశారట. తీసిన ముక్కను పక్కకు తెచ్చి ప్రోబ్ ఆనిస్తే గట్టిగా మోగింది, మిగిలిన ఊపిరితిత్తి మీద దాదాపు మోగలేదు. అంటే గడ్డ ఉన్న ముక్కే చేతికొచ్చింది. బయాప్సీలో గ్రాన్యులోమా (వాపు వల్ల ఏర్పడే గడ్డ) అని వచ్చింది, క్యాన్సర్ కాదు.

మీకూ ఇదే చెబితే, సూది వేసే టైమూ థియేటర్ టైమూ ఒకే కాగితం మీద రాయించుకోండి. మీవాళ్లు పక్కన కూర్చోవచ్చో లేదో డాక్టర్‌నే అడగండి, కారిడార్‌లో అరిచేవాళ్లను కాదు.